తారీకు లేని మూడు లెటర్లు

అడవి అంచున ఒక ఏకోపాధ్యాయ పాఠశాల. బూర్గంపాడు నుంచి సర్వీసు జీపులో గంట, దిగాక వాగు దాటి మరో అరగంట నడక. 2006 మార్చి, మంగళవారం పొద్దున తొమ్మిదిన్నర. శుక్రవారం మధ్యాహ్నం మాయమైన ప్రభాకర్ మాస్టారు ఇప్పుడే భుజాన సంచితో వచ్చాడు. బడిలో అన్నం వండే జంపక్క వరండాలో కూర్చుని బియ్యం చెరుగుతోంది.

“నేను లేనప్పుడు తనిఖీకి ఎవరైనా వచ్చారా? ఎప్పుడు? ఎవరు?”

“నిన్న సార్. జర సంచి దించున్రి. ఊపిరి పీల్చుకోన్రి.”

“ఊపిరి సంగతి తర్వాత. ఎవరొచ్చారు జంపక్కా?”

“నాకేం ఎరుక సార్? మీరే చెప్పిన్రు గద. ఎవరన్న జీపు దిగి, కండ్లద్దాలు పెట్టుకొని, చంకల బ్యాగు, బ్యాగుల పెన్ను ఉంటే పేరడగకు, లెటరియ్యి అని. దిగింది. కండ్లద్దాలున్నయి. పేరడగలే.”

“జీపులోనే వచ్చిందా?”

“అవ్, జీపే. పదకొండుమంది దిగిన్రంట.”

“పదకొండుమందా! ఇంత చిన్న బడికి పదకొండుమందా?”

“పదిమంది ఎవరిండ్లకు వాళ్ళు పోయిన్రంట సార్. ఒక్కామె ఇటు మర్రింది.”

“అంటే సర్వీసు జీపు. హమ్మయ్య! ఆఫీసరైతే సర్వీసు జీపులో ఎందుకొస్తుంది?”

“గట్ల అనుకోకున్రి. పోయినేడు ఫారెస్టాయన గట్లనే, లుంగీ కట్టుకొని సైకిల్ మీదొచ్చిండు. మేకలు కొనేటోడనుకున్నం. ఆఖరికి మా ఊరి సీతయ్య చేతిల గొడ్డలి గుంజుకపోయిండు.”

“భయపెట్టకు. ఎలా ఉంది మనిషి?”

“నెత్తి సగం తెల్లవడ్డది. నడక మాత్రం జల్దీ. రాంగనే ‘మాస్టరు ఏడీ’ అనలే సార్. ‘ప్రభాకర్ ఏడీ’ అన్నది.”

“పేరు పెట్టే అడిగిందా? అయిపోయింది. ఫైలు చూసుకునే వచ్చింది.”

“మాట గూడ మీ దిక్కు మాటే. వచ్చావు, పోయావు అంటది.”

“ఆఫీసర్లు ఎక్కడెక్కడివాళ్ళో ఉంటారు. నువ్వేం చేశావు?”

“ఏం చేస్త? చాక్‌పీసుల డబ్బ తెరిచిన. లెటరిచ్చిన.”

“బతికించావు. ఏ లెటరు?”

“ఏ లెటరంటే?”

“డబ్బాలో మూడు పెట్టాను కదా. సంతకం పెట్టి, తారీకు వెయ్యకుండా. ఎవరైనా వస్తే ఒకటి తీసి ఆరోజు తారీకు వేసి ఇమ్మన్నాను. రాకపోతే అలాగే ఉంచమన్నాను. ఏది ఇచ్చావు?”

“అన్నీ ఇచ్చిన.”

“అన్నీ?”

“ఒకటియ్యమన్నరు గని ఏదియ్యాల్నో చెప్పలే గద సార్. ఒకదాంట్ల మీకు జరం. ఒకదాంట్ల మీ అమ్మకు పానం బాగలే. ఒకదాంట్ల మీ నాయినమ్మ పోయింది. మీ ఇంట్ల ఎవరికి ఏమైందో నాకెట్ల తెలుస్తది? మీరే చూస్కోన్రి మేడమని మూడు ముందట పెట్టిన. తారీకు గూడ వేసిన.”

“మూడింటి మీదా?”

“మూడింటి మీద. నిన్నటిది. మంచి రాతతోని వేసిన.”

“ఒకే సోమవారం నాకు జ్వరం, అమ్మకు జబ్బు, నాయనమ్మ చావు!”

“మేడం గూడ గదే అన్నది. ‘అయ్యో, ఇంట్లో ఒక్కరిని కూడా వదల్లేదే’ అన్నది.”

“ఎలా అంది? కోపంగానా? నవ్వుతూనా?”

“నాయినమ్మ లెటరు సదివి నవ్వింది. ‘ఈవిడ పోయి పన్నెండేళ్ళైందే’ అన్నది.”

“అది కూడా తెలుసా? సర్వీసు రిజిస్టరులో నాయనమ్మల వివరాలు ఉండవే!”

“మీ జరం లెటరు సదివి ఇంకింత నవ్వింది. గని సార్, మీ అమ్మ లెటరు తీసిందా, ఇగ నవ్వు బంద్. సదివింది. మల్లోసారి సదివింది. కండ్లద్దాలు తీసి కొంగుతోని తుడిసింది. అద్దాలు తుడిసిందో, కండ్లు తుడిసిందో నేను సక్కగ చూడలే.”

“దుమ్ము పడి ఉంటుంది. జీపు ప్రయాణం కదా. తర్వాత?”

“తర్వాత ఎర్రపెన్ను తీసింది.”

“ఎర్రపెన్నా! జంపక్కా, సస్పెన్షన్ అంటే నీకు తెలుసా? ఎనిమిదేళ్ళు పరీక్షలు రాస్తే వచ్చిన ఉద్యోగం ఇది!”

“జర ఆగున్రి సార్. లెటరు దిద్దింది. నా డౌటు గూడ గదే. మీరు ‘మై ఇల్ మదర్’ అని రాసిన్రు. ఇల్ కొట్టేసి, మీద సిక్ అని రాసింది. ఎందుకు? ఇల్ అన్న రోగమే, సిక్ అన్న రోగమే గద?”

“నా కొంప మునుగుతుంటే ఇప్పుడు గ్రామరా?”

“పద్దెనిమిది తారీకు నాకు ఓపెన్ టెన్త్ ఇంగ్లీషు పరీక్ష. రెండుసార్లు తప్పిన. ఈసారి పాసైతే అంగన్‌వాడీ పోస్టుకు పెట్టుకుంటనని మీకెరుకే. దీపావళి కాడికెల్లి రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అంటున్నరు. ముందు ఇది చెప్పున్రి. మేడం ఇంకేం రాసిందో నేను గూడ చెప్త.”

“ఇంకా రాసిందా?”

“కింద రెండు లైన్లు.”

“ఏమని?”

“ఇల్‌కు, సిక్‌కు తేడా ఏంది సార్?”

“...నువ్వు మామూలుదానివి కాదు. సరే, విను. అర్థం దాదాపు ఒకటే, ఒంట్లో బాగాలేదని. కూర్చునే చోటు వేరు. ‘ఇల్’ వాక్యం చివర కూర్చుంటుంది. ‘మై మదర్ ఈజ్ ఇల్.’ ఇది సరైనది. మనిషిని చెప్పే మాటకి ముందు మాత్రం పెట్టం. ‘ఇల్ మదర్’ అనం. ముందు పెట్టాలంటే ‘సిక్’. సిక్ మదర్, సిక్ చైల్డ్.”

“సిక్ ఎనక కూసోదా?”

“కూర్చుంటుంది. ‘మై మదర్ ఈజ్ సిక్’ అన్నా తప్పు లేదు.”

“అంటే సిక్ ముందు కూసుంటది, ఎనక కూసుంటది. ఇల్‌కు ఎనక కుర్చీ ఒక్కటే.”

“అంతే. బాగా చెప్పావు. రెండు లైన్లు ఏంటి?”

“మీకు తెల్సి గూడ తప్పెందుకు రాసిన్రు సార్?”

“తొందరలో.”

“అమ్మకు గంత సీరియసా?”

“...అవును. చాలా.”

“ఇప్పుడెట్ల ఉన్నది?”

“పర్వాలేదు. లేచి కూర్చుంది.”

“నడుస్తున్నదా?”

“కొంచెం. గోడ పట్టుకుని.”

“అన్నం తింటున్నదా?”

“జావ. అదీ రెండు గుటకలు.”

“అయ్యో పాపం. జర గట్టిగ చెప్పున్రి సార్, ఈ చెవు సరిగ వినపడ్తలేదు.”

“జావ! రెండు గుటకలు! నాలుగు రోజులు మంచం పక్కనే కూర్చున్నాను. నిద్ర లేదు.”

“మంచి కొడుకు. గిసొంటోడు ఉండాలె. మరి సార్, మా మరిది కొత్తగూడెం దిక్కు బొగ్గుబాయిల పనిచేస్తడు. ‘ఇయ్యాల సిక్ పెట్టిన’ అన్నడంటే తాటివనంల కల్లు తాగుతున్నడన్నట్టు. నిజంగ జరమొస్తే పనికి వోతడు. మరి గది?”

“అది సిక్ లీవు. లీవు ముందు సిక్ అనే అంటారు. ఇల్ లీవ్ అనరు.”

“అంటే పానం మంచిగున్నోళ్ళది సిక్కు, నిజం రోగమున్నోళ్ళది ఇల్లు.”

“కాదు! అలా రాశావంటే మూడోసారి కూడా తప్పుతావు.”

“మీ లెటర్లు చూస్తే గట్లనే కొడ్తున్నది.”

“జంపక్కా!”

“సరే సరే. ‘ఐ ఫీల్ సిక్’ అంటే?”

“కడుపులో తిప్పుతోంది, వాంతి వచ్చేలా ఉంది అని.”

“ఇప్పుడు మీకు గట్ల ఉన్నదా?”

“ఉంది. ఇక చెప్పు.”

“ఇల్‌కు వేరే పనేం లేదా? ఒక్క రోగమేనా?”

“ఉంది. చెడ్డగా అనే అర్థం కూడా వస్తుంది. ‘డోంట్ స్పీక్ ఇల్ ఆఫ్ యువర్ మదర్.’ మీ అమ్మ గురించి చెడ్డగా మాట్లాడకు.”

“మంచంపట్టని అమ్మను మంచం పట్టిందని రాస్తే గది చెడ్డమాటేనా సార్?”

“...ఎవరన్నారు మంచం పట్టలేదని?”

“ఎవరన్లే. డౌటడిగిన, గంతే. మీ మోచేతికేంది, గట్ల దోక్కపోయింది?”

“ఇదా? అమ్మకి నీళ్ళు తోడుతుంటే బావి గట్టు తగిలింది.”

“ముక్కు గూడ నల్లవడ్డది.”

“మందుల షాపు దూరం. ఎండ.”

“ప్యాంటు మోకాళ్ళ కాడ ఎర్రమట్టి.”

“నువ్వు వంటమనిషివా, పోలీసువా? పిల్లలేరి? ఇప్పపువ్వు ఏరడానికి పోయారా అందరూ?”

“లోపలున్నరు. ఇరవై మూడుమంది. కాపీరైటింగ్ రాస్తున్నరు.”

“చప్పుడు లేకుండానా? మన పిల్లలేనా? తలుపెందుకు దగ్గరేశావు?”

“గాలి సార్. కాగితాలు లేస్తున్నయని. మేడం పెట్టిన పని రాస్తున్నరు.”

“ఏం పెట్టింది పని?”

“గదంత తర్వాత. మీ గది గూడ చూసింది మేడం.”

“నా గదా! తాళం?”

“తాళం మీరు గడప మీద పెట్టిపోతరని ఊరంతకెరుకే. లోపలికి వోయింది. దుప్పటి ఎత్తి చూసింది. గిన్నెలు మూత తీసి చూసింది. ‘వీడు పెరుగు తింటున్నాడా’ అని అడిగింది.”

“సోదా! గది సోదా చేశారంటే చాలా పెద్ద ఎంక్వయిరీ. పెరుగెందుకు?”

“నాకేం ఎరుక? బియ్యం లెక్కున్నట్టే పెరుగు లెక్క గూడ ఉంటదేమో.”

“ఇంకేం చూసింది?”

“మంచం కింద ఇన్‌లాండ్ లెటర్లు చూసింది. నీలంవి. ఐదున్నయి. రెండు చింపినయి, మూడు చింపనియి.”

“...అవి చదివిందా?”

“సదవలే. చింపని మూడు చేతిల పట్టుకొని మంచం మీద కూసున్నది. చాయ పోసిస్త అన్న గని వద్దన్నది. ఎవరివి సార్ అవి?”

“మా అమ్మవి.”

“సదవలేదేంది?”

“చదువుదామనే. తీరిక లేక... నిజం చెప్పనా జంపక్కా? చదివితే వెళ్ళాలనిపిస్తుంది. ప్రతి ఉత్తరంలో ‘ఒక్కసారి వచ్చి కనిపించి పో నాన్నా’ అని ఉంటుంది. చదవకపోతే ఆ బాధ లేదు.”

“వెళ్ళాలనిపిస్తే వెళ్ళొచ్చు గద?”

“బడికి ఒక్కణ్ణే టీచర్ని. సెలవు దొరకదని రాశాను.”

“ఎవరికి?”

“అమ్మకి.”

“గట్లనా. అమ్మకు సెలవు లేదని రాసిన్రు. ఆఫీసుకు అమ్మకు రోగమని రాసిన్రు. మరి నాలుగు రోజులు అమ్మ మంచం పక్కన కూసున్నది ఎవరు సార్?”

“నేనే! అంటే... ఉత్తరాలు పాతవి. ఇప్పుడు వెళ్ళాను కదా. వెళ్ళే వస్తున్నాను కదా.”

“మీ ఊరు పెనుబల్లి కాడికెల్లేనా?”

“పెనుబల్లి నుంచే.”

“గా సంచిల టిక్కు టిక్కు అంటున్నదేంది?”

“గడియారం.”

“చేతిదా?”

“గోడది.”

“ఎక్కడిది?”

“అమ్మ కొనిచ్చింది.”

“గోడ పట్టుకొని నడిసేటామె గోడ గడియారం కొన్నదా?”

“డబ్బులిచ్చింది, నేను కొన్నాను. ‘బళ్ళో గడియారం లేదన్నావు కదా నాన్నా, పిల్లలకి టైము తెలియాలి’ అంది. మంచంలోంచి చెయ్యి చాపి, తలగడ కింద నుంచి తీసి మరీ ఇచ్చింది.”

“ఎంత మంచి తల్లి.”

“బంగారం.”

“చూడనియ్యున్రి సార్. అబ్బ, మంచిగున్నది. దీని మీద ఇంగ్లీషు అచ్చరాలున్నయి. ఎం, ఏ, ఎన్, మ్యాన్. ఓ, ఎఫ్, ఆఫ్. టీ, హెచ్...”

“అది కంపెనీ పేరు! ఇటివ్వు, సంచిలో పెట్టు!”

“మ్యాచ్ అని గూడ ఉన్నది. గడియారాల కంపెనీయా, అగ్గిపెట్టెల కంపెనీయా?”

“రెండూ చేస్తారు వాళ్ళు. జంపక్కా, నీకు దండం పెడతాను. ఇల్ చెప్పాను, సిక్ చెప్పాను. ఇప్పటికైనా ఆ రెండు లైన్లు చెప్పు. నా ఉద్యోగం ఉందా, పోయిందా?”

“నోటికొచ్చింది, చెప్త. మొదటి లైను, ‘యువర్ మదర్ ఈజ్ నాట్ ఇల్.’ ఇల్ ఎనక కూసున్నది, సరిపోయింది గద?”

“మీ అమ్మకు జబ్బు లేదు... తెలిసిపోయింది! ఎలా తెలిసింది? పెనుబల్లి వెళ్ళి విచారించి వచ్చిందా ఏంటి?”

“పెనుబల్లి కాడికెల్లే వచ్చిందంట.”

“చంపేశారు! ఇంటికే వెళ్ళారు! అమ్మని అడిగి ఉంటారు. అమ్మేమో మావాడు సెలవు లేక రాలేదని చెప్పి ఉంటుంది. అమాయకురాలు. దొరికిపోయాను. రెండో లైను?”

“‘షి ఈజ్ సిక్ ఆఫ్ రైటింగ్.’ ఇది నాకు సమజ్ గాలే. సిక్ ఆఫ్ అంటే ఏంది? ఇది గూడ రోగమేనా?”

“కాదు. విసిగిపోవడం. ఆమె రాసి రాసి విసిగిపోయింది అని.”

“ఎవరు సార్, ఆమె?”

“ఎవరంటే... పై ఆఫీసరై ఉంటుంది. మెమోలు. నాకు మెమోలు రాసి రాసి విసిగిపోయిందని.”

“మీకు ఎన్ని మెమోలు వచ్చినయి?”

“ఒక్కటీ రాలేదు.”

“మరి రాసి రాసి విసిగిపోయేటంత ఎవరు రాసిన్రు మీకు?”

“ఐదు ఉత్తరాలు.”

“అవ్. రెండు చింపినయి, మూడు చింపనియి.”

“జంపక్కా. ఆ దిద్దిన లెటరు ఇలా ఇవ్వు. ఆ ఎర్ర అక్షరాలు నేను చూడాలి.”

“ఇగో.”

“...ఎస్ కింద ఈ గీత. ఇది అమ్మ రాత. చిన్నప్పుడు నా స్లేట్ల మీదా, పరీక్ష పేపర్ల మీదా... ఎందుకు చెప్పలేదు నువ్వు? ముందే ఎందుకు చెప్పలేదు?”

“పేరడగకు అన్నరు గద సార్. అడగలే. రాత్రి ఆమెనే చెప్పింది, రిటైర్డ్ టీచర్ని అని. ఇల్, సిక్ రెండూ ఆమెనే చెప్పింది, మీకన్న మంచిగ. ‘వాడొచ్చాక మళ్ళీ అడుగు, వాడికి గుర్తుందో లేదో చూద్దాం’ అన్నది. గుర్తున్నది సార్. సంతోషపడ్తది.”

“ఏ జీపుకి వెళ్ళింది? ఇంకా బూర్గంపాడులోనే ఉంటుందేమో. పరిగెత్తితే పట్టుకుంటానా?”

“పోయిందని నేను ఎప్పుడన్న చెప్పిన్నా?”

“...అంటే?”

“పద్దెనిమిది దాక ఈడనే ఉంటదంట. నా పరీక్ష అయ్యేదాంక. జర పక్కకు జరుగున్రి సార్, తలుపు మీకు తగుల్తది.”

“లేచి కూర్చున్నాన్రా నాన్నా. గోడ పట్టుకునే ఇక్కడి దాకా వచ్చాను. ఏదీ, నేను కొనిచ్చిన గడియారం ఇలా పట్రా, చూద్దాం.”